అయ్యప్ప మాలకు ముందు తాగుడు, నిద్రబిళ్ల, బీడీ: అన్నీ ఒకే పూట ఆపొచ్చా?

ఆదోని_పిల్లోడు:
మా చిన్నాయనకు 52 ఏండ్లు. పన్నెండేండ్లుగా దినామూ తాగుతాండాడు. ఇప్పుడు దినానికి రెండు క్వార్టర్లు. పొద్దున లేస్తానే ఒక 60 పడాల, లేకుంటే చేతులు వణుకుతాయి. రాత్రి నిద్రకు ఆల్ప్రాజోలం 0.5 మి.గ్రా., రెండేండ్లుగా. బీడీలు ఒక కట్ట. ఈ సోమవారం మాల వేసుకుని అన్నీ బంద్ చేస్తానంటాడు. ఇంట్లో అందరికీ సంతోషమే, నాకే భయంగా ఉంది. వీటిలో ఏది ఒక్కసారిగా ఆపొచ్చు, ఏది ఆపకూడదు? ఇంకోటి, చిన్నమ్మకు ఎవరో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ బిళ్లలు ఇచ్చి తెలియకుండా కూరలో కలపమన్నారంట. కలపొచ్చా?

వార్డు_డ్యూటీ:
సోమవారం మాల వద్దు తమ్ముడూ. ముందు ఆసుపత్రి, తర్వాత మాల. మకరజ్యోతి జనవరి 14 ప్రాంతంలో. 41 దినాలు వెనక్కి లెక్కేస్తే డిసెంబరు 4 లోపల వేసుకున్నా మండలం నిండుతుంది. గురుస్వామికి ఈ లెక్క చెప్తే కాదనడు.

ఎందుకంటే, ఒక క్వార్టర్ 180 మి.లీ., అందులో ఆల్కహాల్ 42.8 శాతం. తూకంలో 60 గ్రాములు. మీ చిన్నాయన దినానికి 120 గ్రాములు తాగుతాడన్నమాట. ఆల్కహాల్ మెదడులో నరాలను నిమ్మళపరిచే గాబా అనే రసాయనానికి బలమిచ్చి, ఉరికించే గ్లూటమేట్‌ను అణుస్తుంది. ఏండ్ల తరబడి అట్ల అణిస్తే మెదడు ఉరికించే వైపే బలం పెంచుకుంటుంది. ఇప్పుడు తాగుడు ఆపేస్తే తాడు లాగే ఆటలో ఒకపక్క వాళ్లు చేతులు వదిలేసినట్టే.

చివరి గుక్క నుంచి గంటలు లెక్కపెట్టండి. 6-8 గంటలకు వణుకు, చెమట, ఓకరింపు, గుండెదడ. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్: లేని పురుగులు కనపడతాయి, ఊరూ పేరూ తెలియదు, జ్వరం, బీపీ ఎగురుతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మాల వేసిన మూడో దినం మనిషి గాల్లో ఏదో ఏరుతూ మాట్లాడితే స్వామి పూనినాడని దండం పెట్టి కూర్చుంటారేమో, అదీ నా భయం. పైగా దీక్షలో ఒంటిపూట భోజనం. చెమటకు, వాంతులకు అది తోడైతే ఒంట్లో నీళ్లూ చక్కెరా రెండూ పడిపోతాయి.

పొద్దున్నే వణుకు వస్తాందంటేనే ఇంట్లో ఆపే కేసు కాదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డయాజిపామ్ గానీ ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారం లోపల తగ్గించుకుంటూ వస్తారు. కాలేయం దెబ్బతిని ఉంటే లోరాజిపామ్. తోడుగా థయమిన్, అంటే బీ1, ఇంజెక్షన్.

ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర చేసే తప్పు ఒకటుంది. వణుకుతాంటే నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తారు. తాగేవాళ్లలో బీ1 ముందే అడుగంటి ఉంటుంది, గ్లూకోజ్ ఆ మిగిలినదాన్నీ తినేస్తుంది. అప్పుడు కండ్లు అదరడం, నడక తూలడం, మతి తప్పడం వస్తాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాదు. థయమిన్ పడకుండా గ్లూకోజ్ ఎక్కించనీయొద్దు.

మందులంగడి:
ఆల్ప్రాజోలం పని చేసేదీ ఆ గాబా మీదనే. కాబట్టి రెండూ ఒకే పూట ఆపితే దెబ్బ రెండింతలు. ఇది ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలే, అందుకే ఒకటి రెండు దినాల్లోనే నిద్ర పట్టకపోవడం, ఒళ్లు జలదరింపు, ఒక్కోసారి ఫిట్స్. ముందు తాగుడు సంగతి తేల్చుకుని, తర్వాత దీన్ని డాక్టరు చెప్పిన లెక్కన రెండు మూడు వారాలకోసారి పదో వంతు చొప్పున తగ్గించాల. 0.25 బిళ్లలు ఉన్నాయి గానీ అంత సన్నంగా విరగ్గొట్టడం కష్టం. అందుకే చాలామంది డాక్టర్లు నిదానంగా దిగే డయాజిపామ్‌కు మార్చి తగ్గిస్తారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి రిజిస్టరులో రాసి మూడేండ్లు దాచాల. రెండేండ్లుగా చీటీ లేకుండా ఇస్తున్న అంగడి ఏదైనా సరే, తప్పే.

కూరలో కలిపే బిళ్ల సంగతి: వద్దంటే వద్దు. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ఆల్కహాల్ ఒంట్లో విరగడం మధ్యలో ఆగిపోతుంది, అసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుంటుంది. ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నోడైతే పోవచ్చు. తెలిసి, ఒప్పుకొని వేసుకునేవాళ్లకే ఇది, అదీ చివరి గుక్క పడి 12 గంటలు దాటినాకనే. ఆపినాక కూడా 14 దినాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ తాగినా రియాక్షన్ రావచ్చు.

ఆదోని_పిల్లోడు:
బుధవారం పోదామంటే ఒప్పుకున్నాడు. అంతవరకు ఏం చేయాల? రాత్రిపూట ఫిట్స్ వస్తే?

వార్డు_డ్యూటీ:
బుధవారం దాకా తాగుడు ఆపించొద్దు. చెప్పడానికి నాకూ ఇబ్బందే గానీ ఇదే సురక్షితం. వణుకు రానంత మాత్రం తాగనిచ్చి, అన్నం, మజ్జిగ, నీళ్లు బలవంతంగానైనా పెట్టండి. ఆల్ప్రాజోలం మాత్రం అదనంగా ఒక్కటి కూడా వేయొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైం చూసుకోండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం, నీళ్లు పోయడం చేయొద్దు. ఆగిపోయినా సరే 108 పిలవండి, ఈ ఫిట్స్ ఒకటితో ఆగకపోవచ్చు.

రాణి_కడప:
బీడీ ఒక్కసారిగా ఆపొచ్చు, ప్రాణభయం లేదు. చిరాకు, ఆకలి రెండో మూడో దినం గట్టిగా ఉండి తగ్గుముఖం పడతాయి. లేచిన అరగంటలోపల బీడీ వెలిగించే మనిషైతే నికోటిన్ గమ్ 4 మి.గ్రా., లేకుంటే 2. చూయింగ్ గమ్ మాదిరి నమలకూడదు. నిదానంగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకు, చిగుళ్లకు మధ్యన పెట్టాల. నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట. ఇంకోటి, పొగ ఉన్నంతకాలం కాలేయం కాఫీని తొందరగా కరిగిస్తుంది. బీడీ మానినాక అదే కాఫీ ఒంట్లో దాదాపు రెండింతలు నిలుస్తుంది. నిద్ర పట్టడం లేదంటే బిళ్లకు ముందు కాఫీ సగం చేయండి.

గుత్తి_రోడ్డు:
ఇదే దారిలో అడుగుతున్నా. గంజాయి, నొప్పులకు వేసే ట్రమడాల్ సంగతేమి?

వార్డు_డ్యూటీ:
గంజాయి ఒక్కసారిగా ఆపినా ప్రాణభయం లేదు. ఒకటి రెండు వారాలు నిద్ర, ఆకలి చెడతాయి, కోపం వస్తుంది. కొవ్వులో దాగుతుంది కాబట్టి దినామూ పీల్చేవాళ్ల మూత్రంలో వారాల తరబడి కనపడుతుంది. ట్రమడాల్ వేరే జాతి, నల్లమందు తీరు. ఎక్కువైతే కంటిపాప సూదిమొనంత అయి ఊపిరి మందగిస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఆపితే ముక్కు కారడం, కడుపు మెలితిప్పడం, విరేచనాలు. తాగుడు మాదిరి చంపదు గానీ ఒంట్లో నీళ్లు పోతే ప్రమాదమే, డాక్టరు చేతుల్లోనే తగ్గించాల. కొన్ని దినాలు మానేసి మళ్లీ పాత మోతాదే వేస్తే ప్రాణం పోవచ్చు, ఒంటికి ఆ అలవాటు అప్పటికే పోయి ఉంటుంది. ఏ ఊర్లో మత్తు మాన్పించే కేంద్రముందో 14446 కు ఫోన్ చేస్తే చెప్తారు.