చెన్నై ఉక్కపోతలో హస్కీ సంకర జాతి కుక్కకు బొచ్చు తీయించవచ్చా?

నెల్లూరు ఆడపడుచు, వేళచ్చేరి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. తొమ్మిదేళ్లుగా వేళచ్చేరిలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. మావారి సహోద్యోగి ఒకరు విదేశానికి వెళ్లిపోతూ, తాము పెంచుకున్న మూడేళ్ల ఆడకుక్కను జనవరిలో మాకు అప్పగించారు. తండ్రి సైబీరియన్ హస్కీ అనీ, తల్లి ఇక్కడ అందరూ పామేరియన్ అని పిలిచే ఇండియన్ స్పిట్జ్ అనీ చెప్పారు. పద్దెనిమిది కిలోల బరువు, నిక్కబొడిచిన చెవులు, వీపు మీదికి చుట్ట తిరిగిన తోక. పేరు మంచు.

ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి దాని అవస్థ చూడలేకపోతున్నాను. స్నానాలగది గచ్చు మీద పొట్ట ఆనించి, కాళ్లు నాలుగూ చాపి, గంటల తరబడి రొప్పుతూ పడుకుంటోంది. పెట్టిన అన్నంలో సగం వదిలేస్తోంది. ఎక్కడ చెయ్యి వేసినా ఏకిన దూదిలా తెల్లటి ఊలు ఊడి వస్తోంది. "అంత బొచ్చుతో మనమైతే ఉండగలమా, మొత్తం తీయించెయ్యమ్మా" అని మా అత్తగారు అంటున్నారు. దగ్గరలోని గ్రూమింగ్ దుకాణంవారు కూడా మిషన్‌తో పొట్టిగా తీసేస్తామంటున్నారు. రోహిణీ కార్తె వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. దీనికి తోడు, సాయంత్రం మేము బయటికి వెళితే ఊళ పెడుతోందని పై అంతస్తువారు బాధపడుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పెరంబూరు వాసి

అమ్మా, మీ అత్తగారిది జాలిగుండె, కానీ బొచ్చు మాత్రం తీయించకండి. మా మొదటి స్పిట్జ్‌కు నేను అదే పని చేయించాను. తొడల మీద ఏడాది దాటినా వెంట్రుక సరిగా రాలేదు, వచ్చినది కూడా అతుకులు వేసినట్టు వచ్చింది, ఆ వేసవిలో వీపు మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఈ జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైనున్న బిరుసు వెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడతాయి, లోపలి మెత్తటి ఊలు చలిదేశాల కోసం ఏర్పడింది. మీ చేతికి వస్తున్నది ఆ ఊలే. అది ఊడిపోవాలనే చూస్తోంది, మనం దానికి సాయం చేస్తే చాలు.

పైపైన దువ్వితే ఫలితం ఉండదు. ఎడమచేత్తో బొచ్చును పైకెత్తి, చర్మం గీతలా కనబడేటట్టు పాయ తీసి, ఆ గీత దగ్గర నుంచి కొద్దికొద్దిగా అండర్‌కోట్ రేక్‌తో, అంటే లోపలి ఊలును లాగే పొడవు పళ్ల దువ్వెనతో, దువ్వాలి. తోక మొదలు, తొడల వెనుక, చెవుల వెనుక ఊలు ఎక్కువగా చిక్కుపడుతుంది. దువ్వడం పూర్తయ్యాకే స్నానం చేయించండి, తరువాత వేళ్లు చర్మానికి తగిలేలా పెట్టి చూసి, తడి లేదని తెలిసేదాకా ఆరబెట్టండి. మన ఊరి గాలికి లోపలి తడి తనంతట తాను ఆరదు, అక్కడే పుండ్లు పడతాయి.

వేపేరి పశువైద్యుడు

పై సలహా సరైనది. నేను చెప్పదలచినది ఉక్క గురించి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ప్రధానంగా రొప్పుతూ నోటిలోని తడిని ఆవిరి చేసుకుని ఒళ్లు చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆ తడి ఆవిరి కాదు. అందుకే పొడిగా ఉండే ఊళ్లో 36 డిగ్రీలను తట్టుకునే కుక్క, చెన్నైలో 32 డిగ్రీల రాత్రికే అలసిపోవచ్చు. ఫ్యాను ఒక్కటే సరిపోదు. మధ్యాహ్నం ఒక గదిలో ఏసీ ఉండాలి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. నడకకు తెల్లవారుజామున తీసుకువెళ్లండి, రోడ్డు మీద మీ చేతి వెనుక భాగాన్ని ఆనించి కొన్ని క్షణాలు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 40 దాటితే జాగ్రత్తపడాలి, 41 దాటితే ప్రాణాపాయం. చిగుళ్లు బాగా ఎర్రబడి, జొల్లు చిక్కగా కారుతూ, నడక తూలితే వెంటనే మామూలు నీళ్లతో పొట్ట, తొడలు తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తడితువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఎండాకాలంలో తిండి తగ్గడం సహజం, హస్కీ రక్తం ఉన్నవి అసలే మితంగా తింటాయి. చల్లటి వేళల్లో పెట్టండి. అయితే ఉల్లి, వెల్లుల్లి పడిన సాంబారన్నం మాత్రం వద్దు, అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2024లో హస్కీ, మాలమ్యూట్ వంటి శీతల దేశపు జాతుల సంతానోత్పత్తిని ఇక్కడ నిషేధిస్తూ విధానం ప్రకటించడానికి కారణం ఈ వాతావరణమే. ఇప్పటికే మన ఇంట్లో ఉన్నవాటికి మాత్రం ఆ చల్లదనాన్ని మనమే సమకూర్చాలి.

అన్నానగర్ తాతయ్య

ఊళ గురించి ఒక మాట. సైబీరియాలో చుక్చీ ప్రజలు స్లెడ్జి అనే మంచు బండి లాగించడానికి గుంపులుగా పెంచిన కుక్కల వారసత్వం అది. ఒంటరితనం దానికి అలవాటు లేదు. కొట్టినా కసిరినా ఊళ ఎక్కువవుతుంది. మొదట అయిదు నిమిషాలు, తరువాత పది నిమిషాలు విడిచి వెళ్లి రండి, వెళ్లేముందు పెరుగు నింపి గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ ఇవ్వండి. పై అంతస్తువారిని ఒకసారి కిందికి పిలిచి కుక్కను పరిచయం చేయండి, మా వీధిలో అలాగే సర్దుకుంది. తలుపు తెరిచేటప్పుడు భద్రం, ఈ జాతి సందు దొరికితే పరుగెడుతుంది. మెడపట్టీకి ఫోను నంబరు తప్పక ఉండాలి.

నెల్లూరు ఆడపడుచు, వేళచ్చేరి

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పాయలు తీసి దువ్వితే రెండు సంచుల ఊలు వచ్చింది. చూసి మా అత్తగారే "ఇంత లోపల పెట్టుకుని తిరిగిందా పిచ్చితల్లి" అని దాని తల నిమిరారు. అయితే కుడి చెవి వెనుక రూపాయి బిళ్లంత మేర ఎర్రగా, చెమ్మగా ఉంది, ముట్టుకుంటే మూలుగుతోంది.

వేపేరి పశువైద్యుడు

అమ్మా, అది తడి నిలిచి పడిన పుండు కావచ్చు, చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అక్కడే గోకుతుంది. పసుపు, కొబ్బరినూనె రాయకండి. రేపు ఉదయమే దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఆ పుండు చుట్టూ మాత్రం బొచ్చు తీయించి శుభ్రం చేయించండి, చెవిలోపల కూడా చూడమని అడగండి.