మూత తీసిన విస్కీ పాడవుతుందా?

ప్రశ్న వేసినవారు:
సగం మిగిలిన విస్కీ సీసా ఏడాదిగా అల్మారాలో ఉంది. మూత గట్టిగానే బిగించాను. గాలి తగిలింది కాబట్టి ఈపాటికి వెనిగర్ అయ్యుంటుంది, పారబొయ్యమని మా బావ పట్టుబడుతున్నాడు. నిజమేనా?

సభ్యుడు 1:
మీ బావగారి మాట వినండి. తెరిచిన వైన్ వారం తిరక్కుండానే పులుస్తుంది. విస్కీ ఎందుకు ఆగుతుంది? రెండిట్లోనూ ఉన్నది ఆల్కహాలే కదా!

సభ్యురాలు 2:
ఎంత ఉందన్నది చూడాలండీ. వైన్‌ని వెనిగర్ చేసేది ఎసిటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా. గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌కి పులుపునిచ్చే ఆమ్లంగా మారుస్తుంది. 12, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్‌లో అది బతుకుతుంది, 40 శాతం ఉన్న విస్కీలో బతకదు. అందుకే ఆ సీసా ఎన్నేళ్లున్నా వెనిగర్ కాదు.

వైన్‌లో కూడా మొదట వచ్చే మార్పు పులుపు కాదు. పండ్ల వాసన తగ్గుతుంది, ఆల్కహాల్‌కి గాలి తగిలితే పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే పదార్థం పెరిగి దెబ్బ తగిలిన యాపిల్ వాసన వస్తుంది, తెల్ల వైన్ అయితే రంగు ముదురుతుంది. అసలు గాలి తగిలితే చెడిపోయినట్టే అనడం కూడా సరికాదు. పోర్చుగల్‌లోని మదీరా దీవుల్లో చేసే మదీరా వైన్‌ని తయారీలోనే వేడికీ గాలికీ గురిచేస్తారు, అందుకే తెరిచాక నెలల తరబడి నిలుస్తుంది.

సభ్యుడు 1:
మరి అడుగున కాస్త మిగిలిన విస్కీ చప్పగా ఎందుకుంటుంది? నా దృష్టిలో అది పాడైనట్టే.

సభ్యురాలు 2:
రుచి తగ్గుతుందని నేనూ ఒప్పుకుంటాను. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, తేలిగ్గా ఆవిరయ్యే సువాసనలు అందులోకి చేరి, మూత తీసినప్పుడల్లా బయటికి పోతాయి. తాగితే హాని అని మాత్రం అనలేం.

సభ్యుడు 3:
గ్లాసులో పోసి రాత్రంతా వదిలేస్తే ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుందట కదా?

సభ్యురాలు 2:
దయచేసి అలా నమ్మకండి. నీటికన్నా ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది నిజమే, కానీ ఒక్క రాత్రిలో మొత్తం పోదు. వాసన తగ్గింది కదా అని తాగి బండి తీస్తే చాలా ప్రమాదం. బీరు సంగతి వేరు, గ్యాస్ పోయి గంటల్లోనే చప్పబడుతుంది.

ప్రశ్న వేసినవారికి: మిగిలింది చిన్న సీసాలోకి మార్చి, ఎండ తగలకుండా నిలువుగా పెట్టండి. పడుకోబెడితే ఘాటుకి కార్క్ దెబ్బతింటుంది. క్రీమ్ కలిపిన లిక్కర్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, లేబుల్ మీద రాసిన గడువే చూడండి.