ఐ20 ఎన్ లైన్ వెనక సీటు నడుం నొప్పి ఉన్నవాళ్లకి సరిపడుతుందా?

అందరికీ నమస్తే. హ్యుందాయ్ కారు మామూలు ఐ20 తీసుకోవాలా, దాని స్పోర్టీ రకం ఎన్ లైన్ తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను. అమ్మకి నడుం నొప్పి. తరచూ హైదరాబాద్ నుంచి విజయవాడ తీసుకెళ్లాలి. హైవే మీద వంద స్పీడులో లేన్ మారినా బండి ఊగకూడదు, అక్కడ ఎన్ లైన్ నాకు చాలా నచ్చింది. స్టీరింగ్ కూడా బరువుగా, నమ్మకంగా ఉంది.

మా కాలనీ రోడ్డే సమస్య. అన్నీ అతుకులు, మ్యాన్‌హోల్ మూతలు. టెస్ట్ డ్రైవ్‌లో మెల్లగా పోతున్నా ప్రతి అతుకూ సీట్లోకి తెలిసింది. అమ్మ పైన హ్యాండిల్ వదల్లేదు. అడిగితే "బానే ఉందిరా" అంటుంది, ఆవిడ ఎప్పుడూ అంతే.

కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక సస్పెన్షన్ కాస్త మెత్తబడుతుందా? 195/55 ఆర్16 టైర్లు తీసేసి 185/65 ఆర్15 వేస్తే చక్రం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, సైడ్‌వాల్ (రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండే టైరు ఎత్తు) మాత్రం 107 నుంచి 120 మి.మీ.కి పెరుగుతుంది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులున్నాయి కదా, ఆ చిన్న రిమ్ములు పడతాయా? ఎవరైనా మార్చారా? పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి దూరాలు తిప్పినవాళ్లు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మకి ఇబ్బందంటే మామూలుదే తీసుకుంటాను.