సమస్యాపూరణం: “నాల్గు నాల్గు గూడ నాల్గె యగును”

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం. పాత డెస్క్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ (మెమరీ) ఉంది, పక్కన ఇంకో 4 జీబీ పెట్టారు, అయినా కంప్యూటర్ నాలుగే చూపిస్తోంది. ఎందుకో పద్యంలో చెప్పండి. నియమం ఒక్కటే: కారణం యంత్రంలో నిజంగా జరిగేదై ఉండాలి. కల, శాపం, మాయ అంటూ సమస్యను దాటేసే పూరణలు వద్దు.

తేనెపలుకు:
ఎంత మెమరి చేర్చ నేమి లాభము చెప్పు
బిట్లు ముప్పదియును పిదప రెండు
దాటలేని పాత తరపు విండోసుకు
నాల్గు నాల్గు గూడ నాల్గె యగును

యతిప్రియ:
“బిట్లు ముప్పదియును పిదప రెండు” అని సంఖ్యను విడదీసి యతి సాధించడం ముచ్చటగా ఉంది. ఎక్కడా పూరక పదం లేదు.

పాతబోర్డు:
విషయమూ సరిగ్గా ఉంది. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే మెమరీ చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే, ఒక్కో బైటుకు ఒకటి చొప్పున అంటే 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్‌కీ ఇతర పరికరాలకీ కొన్ని చిరునామాలు పోతాయి కాబట్టి వాడుకోవడానికి మిగిలేది చాలాసార్లు 3.25, 3.5 దగ్గర ఆగుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ పద్యం నిజమయ్యే కంప్యూటర్లో బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రామ్) తెర మీద 8 కనిపిస్తుంది, విండోస్‌లోకి వచ్చాకే వాడుకోగలిగేది 4కో అంతకన్నా తక్కువకో తగ్గుతుంది. బయోస్‌లోనే 4 ఉంటే 64 బిట్ విండోస్ ఎక్కించినా ఫలితం ఉండదు.

స్క్రూడ్రైవర్:
అయితే బయోస్‌లోనే 4 కనిపించే సందర్భానికి నా పూరణ.

క్లిప్పు పడక ముందె మూత వేసిన వేళ
రెండవ దట నిలిచి యుండి లేదు
బయొసు చూచి చెప్పు పలుకు సత్యమె గదా
నాల్గు నాల్గు గూడ నాల్గె యగును

యతిప్రియ:
రెండో పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది, “నిలిచి యుండి లేదు” నాకు బాగా నచ్చింది. మొదటి పాదంలో మాత్రం ‘క్లి’కి ‘మూ’తో యతి చెల్లదు. “క్లిప్పు పడక ముందె కేసు మూసిన వేళ” అంటే యతీ నిలుస్తుంది, భావమూ మారదు.

స్క్రూడ్రైవర్:
సవరణకు ధన్యవాదాలండీ, అలాగే ఉంచుదాం. పద్యంలో పట్టనిది ఇక్కడ చెబుతాను. పవర్ తీగ గోడ నుంచి పీకేయాలి, కేసు లోహాన్ని ఒకసారి ముట్టుకోవాలి, ఆ తర్వాతే ర్యామ్ పట్టుకోవాలి. పాత స్లాట్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఒక చివర క్లిప్పు పడగానే కూర్చుందనుకుంటాం, రెండో చివర వెంట్రుకవాసి పైకి లేచే ఉంటుంది. రెండు వైపులా టక్కుమనాలి. బంగారు పూత అంచు నల్లబడి ఉంటే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేయాలి. ర్యామ్ అంచున ఉండే గాటు (నాచ్) స్లాట్‌తో కలవకపోతే మాత్రం బలవంతం చేయకండి. ర్యామ్ తరాలైన డీడీఆర్2కీ డీడీఆర్3కీ పిన్నులు 240 చొప్పునే, కానీ గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ కూడా 1.8, 1.5 అని వేరు.

పాతబోర్డు:
సరిగ్గా కూర్చోబెట్టినా నాలుగే చూపించే బోర్డులున్నాయి. వాటి కోసం:

బోర్డు వయసు మించి పుట్టిన చిప్పులన్
గుర్తు పట్టలేక కొత్తదాని
విడిచి పెట్టి పాతవే లెక్క జూపగా
నాల్గు నాల్గు గూడ నాల్గె యగును

బోర్డు మీద మెమరీని నడిపే చిప్‌సెట్లలో జీ41నే తీసుకోండి. గరిష్ఠం 8 జీబీ, కానీ ర్యామ్ మీది ఒక్కో మెమరీ చిప్పు 2 గిగాబిట్లకు మించకూడదు (8 గిగాబిట్లు ఒక జీబీ). అలాంటి చిప్పులు 16 ఉన్న 4 జీబీ ర్యామ్ దానికి పనికొస్తుంది. 4 గిగాబిట్ల చిప్పులు 8 ఉన్నది కూడా 4 జీబీయే, స్లాట్‌లోనూ చక్కగా దిగుతుంది, కానీ బోర్డుకు అర్థం కాదు. కొనేటప్పుడు జీబీ చూసి వదిలేయకుండా చిప్పులు లెక్కపెట్టాలని నేను అందరికీ చెబుతుంటాను.

తేనెపలుకు:
మరి మీ పద్యంలో చెప్పిన లోపమో, స్క్రూడ్రైవర్ గారు చెప్పిన లోపమో విడిగా తెలిసేదెలా?

పాతబోర్డు:
పాతది తీసేసి, అది పనిచేసిన స్లాట్‌లోనే కొత్తదాన్ని ఒంటరిగా పెట్టండి. కంప్యూటర్ లేస్తే ర్యామ్ మంచిదే, రెండో స్లాట్‌నో, కూర్చోబెట్టిన తీరునో అనుమానించాలి. లేవకుండా బీప్‌లు కొడితే అదే ర్యామ్‌ను ఇంకో కంప్యూటర్లో చూడండి. అక్కడ నడిచి ఇక్కడ నడవకపోతే మీ బోర్డుకు ఆ రకం పడదని అర్థం.

యతిప్రియ:
విండోస్ 64 బిట్టే, బయోస్‌లో 8 ఉంది, అయినా విండోస్ 4 అంటోందనుకోండి. ఆ సందర్భానికి నాదొకటి.

హద్దు గీసి పెట్టి యతడు మరచిపోయె
బూటు పుటను టిక్కు పోనిదాక
కొత్త మెమరి కొనుచు కూర్చున్న నేమౌను
నాల్గు నాల్గు గూడ నాల్గె యగును

విండోస్‌లోని సిస్టమ్ కాన్ఫిగరేషన్ (msconfig)లో బూట్ ట్యాబ్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ ‘మ్యాక్సిమమ్ మెమరీ’. ఆ టిక్కు తీసేసి రీస్టార్ట్ చేయాలి.

స్క్రూడ్రైవర్:
ఎవరతడు? పద్యం మొదట్లోనే కర్త తెలియకుండా వచ్చాడు.

యతిప్రియ:
ఆ కంప్యూటర్‌ను అంతకుముందు వాడినవాడు. పాతవి చేతులు మారుతూ వస్తాయి కదా.

నిర్వాహకుడు:
నాలుగూ నియమానికి నిలిచాయి. నా ఓటు పాతబోర్డు గారి పూరణకు. “వయసు మించి పుట్టిన చిప్పులు” అన్న ఒక్క మాటలో లోపమంతా ఉంది. తేనెపలుకు గారిది నడకలో అన్నిటికన్నా సాఫీ. స్క్రూడ్రైవర్ గారి పద్యాన్ని సవరించిన పాదంతోనే భద్రపరుస్తున్నాను. ఇంకా పూరణలున్నవారు రాయండి, పద్యం కింద బయోస్ ఎంత చూపిస్తుందో, విండోస్ ఎంత చూపిస్తుందో కూడా జతచేయండి.