నాన్నకి కోటలోని చర్చి చూపించాలి, సలహా చెప్పండి

నెల్లూరు అబ్బాయి:
మా నాన్న 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. క్లైవ్ పెళ్లి మద్రాసు కోటలోని చర్చిలో జరిగిందని పిల్లలకి చెప్పడమే గానీ, ఆయన ఆ చర్చిని ఎప్పుడూ చూడలేదు. వచ్చే నెల కంటి చెకప్‌కి చెన్నై తీసుకొస్తున్నాను. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. కోటలోకి మామూలు జనాన్ని రానిస్తారా? లేదంటే శాంథోమ్ చర్చి చూపిస్తే సరిపోతుందా?

పెరంబూరు అక్క:
రానిస్తారు తమ్ముడూ. లోపల సెక్రటేరియట్ ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ చేస్తారు, ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకో. శుక్రవారం మాత్రం వద్దు, కోట మ్యూజియానికి ఆరోజు సెలవు. సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కండి. గేటు నుంచి కొంచెం నడక తప్పదు.

శాంథోమ్ కూడా గొప్పదే, కానీ ఇప్పుడున్న కట్టడం 1896 నాటిది. కోటలోని చర్చి, అంటే సెయింట్ మేరీస్‌కి 1680లో ప్రతిష్ఠ జరిగింది. మాష్టారికి ఇదే చూపించు.

వెళ్లగానే లోపలికి తీసుకెళ్లకు. ముందు బయట నేల చూపించు. కాళ్ల కింద పరిచినవన్నీ సమాధి రాళ్లే. మొదట ఇవి కోట బయట శ్మశానంలో ఉండేవి. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటని ముట్టడించినప్పుడు ఆ సమాధులనే చాటు చేసుకున్నారు. మళ్లీ అలా జరగకూడదని ఇంగ్లీషువాళ్లు తర్వాత రాళ్లు పెకలించి ఇక్కడికి తెచ్చారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అప్పుడే వాన వెలిసింది. చెక్కిన అక్షరాల్లో నీళ్లు నిలిచి, అరిగిపోయిన పేర్లు కూడా తేటగా కనిపించాయి. లాటిన్ ఒక ముక్క కూడా రాకపోయినా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. చెప్పులతో ఆ రాళ్ల మీద నడవడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

మైలాపూర్ నుంచి:
అక్క చెప్పింది నిజం. లోపలికి వెళ్లాక కప్పు చూడమనండి. ఫిరంగి గుండ్లు పడ్డా నిలవాలని దూలాలు లేకుండా సొరంగంలా వంపుగా కట్టారు. గోడలు నాలుగడుగుల మందం. యేల్ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో, ఆ ఎలిహు యేల్ పెళ్లి కూడా 1680లో ఇక్కడే జరిగింది. క్లైవ్ పెళ్లి 1753లో.

నెల్లూరు అబ్బాయి:
అక్కా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. సమాధి రాళ్ల దగ్గర రెండుసార్లు ఆపి మళ్లీ చదవమన్నారు. కంటి డాక్టర్ దగ్గర బుధవారం పని అయిపోతుంది, గురువారం పొద్దున్నే కోటకి వెళ్తున్నాం. మడత స్టూలు కూడా తెమ్మన్నారు.