1929 తెనాలి పరిషత్తు ‘మన’దేనా? ఔత్సాహికుడు అంటే అసలు ఎవరు?

రెండోగంట (పెరంబూరు)
ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవానికి మా సమాజం కరపత్రం వేస్తోంది. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు కదా, ఆ సందర్భంగా. రాసే పని నా నెత్తిన పడింది. ఒక్క వాక్యం దగ్గర కమిటీలో పేచీ వచ్చింది. ఆ వాక్యం ఇది: “తెలుగు ఔత్సాహిక నాటక సమాజాలను ఒక చూరు కిందికి తెచ్చిన సంస్థ, 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు.”

బ్రిటన్‌లో నోడా అని ఒక సంఘం ఉంది. నేషనల్ ఒపెరాటిక్ అండ్ డ్రమాటిక్ అసోసియేషన్. 1899లో పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. ఊరూరా సభ్య సమాజాలు వేసే నాటకానికి వాళ్ల ప్రతినిధి వెళ్లి కూర్చుని, చూసి, రిపోర్టు రాస్తాడు. ఇన్సూరెన్సు నుంచి స్క్రిప్టుల దాకా సలహా చెప్తారు. మనకు అలాంటిది ఏముందా అని చూస్తే పరిషత్తు కనబడింది, రాసేశాను. తప్పా? శుక్రవారం ప్రెస్సుకి ఇవ్వాలి.

పాతరంగు
కమిటీలో పేచీ పెట్టింది నేనే. దాపరికం ఏముంది.

పరిషత్తు పెట్టింది ఎవరు? వనారస గోవిందరావు గారు. ఆయన ఎవరు? సురభి మనిషి. సురభి అంటే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడి మొదలైన కుటుంబాలు. టిక్కెట్టు అమ్మితేనే ఆ పూట పొయ్యి వెలిగే జనం. వాళ్లంటే నాకు గౌరవమే, వాళ్ల మాయాబజార్ నాటకం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ అది వృత్తి నాటకం. ఆఫీసు వదిలాక వచ్చి రిహార్సల్ చేసుకునే మనలాంటి వాళ్ల చరిత్రకి వాళ్లతో కొబ్బరికాయ కొట్టడమేంటి?

మన చరిత్ర ఈ ఊళ్లోనే ఉంది. 1891లో బళ్లారి నుంచి సరస వినోదినీ సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. నడిపించినాయన ధర్మవరం కృష్ణమాచార్యులు, వకీలు. చదువుకున్నవాళ్లు, పరువు గలవాళ్లు ముఖానికి రంగు పూసుకోవడం చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ అనే కుర్రాడికి మతిపోయింది. అదే ఏడాది జూలై 1న సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత జడ్జీ కూడా అయ్యాడు, నాటకం మాత్రం వదల్లేదు. ఇదంతా ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంటే తమిళుల ఔత్సాహిక రంగానికి అగ్గి అందించింది తెలుగు నాటకం. ఆ ఊళ్లో కూర్చుని కరపత్రం వేస్తూ తెనాలి పేరు రాస్తామా? 1891, మద్రాసు. అలా మొదలుపెట్టు.

తెనాలిపిల్లోడు (అంబత్తూరు)
మాస్టారూ, సుగుణ విలాస ఒక సమాజం. పరిషత్తు సమాజాలకు సమాజం. కరపత్రం రాసే కుర్రాడు అడిగింది రెండోది. బియ్యం బస్తా గురించి అడిగితే గింజ చూపిస్తారేంటి?

పెట్టినవాడి వృత్తి ఏదైతే మనకేం? ప్లీడరు వచ్చి రైతు సంఘం పెడితే అది ప్లీడర్ల సంఘం అయిపోతుందా? ఒక సురభి మనిషి తన కంపెనీ చూసుకోకుండా, నాటకం ఆడేవాళ్లందరినీ ఒకచోటికి పిలిచాడంటే అది ఇంకా గొప్ప. తర్వాత పరిషత్తు పోటీలు పెట్టబట్టే మన గుమస్తాలూ బడిపంతుళ్లూ కొత్త నాటికలు రాశారు. పోటీ లేకపోతే ఈపాటికి ఇంకా పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టించుకుంటూ ఉండేవాళ్లం.

బెంగళూరు బుజ్జి
మా ఊళ్లో 1909లోనే అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్ పుట్టింది. పేరులోనే అమెచ్యూర్ ఉంది. జె.సి. రోడ్డులో రంగమందిరం కూడా ఉంది. కరపత్రం మాకిచ్చేయండి, గొడవ ఉండదు.

పాతరంగు
పోటీల ఊసెత్తావు కాబట్టి చెప్తున్నా.

తొంభైల్లో కోస్తాలో ఒక పరిషత్తు పోటీకి నాటిక తీసుకెళ్లాం. ఊరి పేరు అనవసరం. జనరల్ బోగీలో తొమ్మిదిమందిమి, మధ్యలో సెట్టింగు పెట్టె. సాయంత్రం ఏడింటికి అన్నారు. ఎక్కించింది రాత్రి రెండు దాటాక. ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలు, అందులో ఒకాయన గురక నాకు స్టేజి మీదికి వినపడింది. నా డైలాగు ఆయన గురక ఆగాక చెప్పాను, తాళం తప్పకూడదని. తెల్లారి అడిగితే “బాగా చేశారండీ, కాస్త మద్రాసు యాస తగిలింది” అన్నారు. మా తాతల కాలం నుంచి ఇక్కడున్నాం, మా తెలుగు ఇదే. దానికి మార్కులు కోసేవాళ్లా నా చూరు?

ఇంక ఔత్సాహికుడంటే ఎవరో బళ్లారి రాఘవ గారిని చూసి నేర్చుకోండి. కృష్ణమాచార్యులు గారి మేనల్లుడు. వకీలు వృత్తి మీద బతికాడు, నాటకం మీద కాదు. ఆయన పోయింది కూడా 1946 ఏప్రిల్ 16నే, ఎవరూ తలుచుకోరు. పైసా తీసుకోనివాడు ఔత్సాహికుడు. తీసుకున్నవాడు కాదు. గీత అక్కడ గీయాలి.

సెకండ్‌బెల్
మధ్యలో వేరే ప్రశ్న: మద్రాసులో పాత నాటకాల హాలు, విక్టోరియా హాల్ అంటే సెంట్రల్ స్టేషన్ పక్కన, రిపన్ బిల్డింగ్‌ని ఆనుకుని ఉన్నదేనా? అక్కడ మనకు డేట్లు ఇస్తారా?

తెనాలిపిల్లోడు
అదీ సంగతి. ఒక రాత్రి లేటయినందుకు 1929ని శిక్షిస్తున్నారు.

పైసా తీసుకోనివాడట. ప్లీడర్లు ఆడితే కళ, పొట్టకూటికి ఆడితే బేరమా? విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 1892లో కన్యాశుల్కం ఆడింది. ఆనంద గజపతి మహారాజు అండ ఉంది. రాజుగారి అండతో ఆడితే ఔత్సాహికుడు, నాలుగణాల టిక్కెట్టుతో ఆడితే కాదు! ఇది గీత కాదు మాస్టారూ, కులం గోడ. కోపం వస్తే రానివ్వండి.

పాతరంగు
కులం మాట ఎత్తావు. నోరు జాగ్రత్త. నీకు నటనలో ఓనమాలు దిద్దించింది నేను.

తెనాలిపిల్లోడు
దిద్దించారు. ముప్పై ఏళ్లుగా అదే ఓనమాలు.

రెండోగంట
అయ్యా, ఇద్దరూ కాస్త ఆగండి. నేను అడిగింది ఒక వాక్యం.

గ్రీన్‌రూమ్ (విల్లివాక్కం)
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను. ఇవాళ రాస్తున్నా.

మీ ఇద్దరి సమాజాల్లోనూ వేశాను. తల్లి, వదిన, వేశ్య, పనిమనిషి, రెండుసార్లు శవం. ప్రతి ప్రదర్శనకీ కవరు తీసుకున్నాను. పోయినసారి పదిహేను వందలు. పాతరంగు అన్నయ్య గీత ప్రకారం నేను ఔత్సాహికురాలిని కాదు. మరి బ్యానర్ మీద “ఔత్సాహిక నాటక సమాజం” అని రాసి, దాని కింద నన్ను నిలబెట్టి ఫొటో తీశారే, అదెలా?

ఒకసారి మీ జమాఖర్చుల కాగితం నా చేతికి వచ్చింది. వరసగా ఇలా ఉంది: మేకప్, లైట్లు, టెంపో, లేడీ ఆర్టిస్టు, టిఫిన్లు. టెంపోకీ టిఫిన్లకీ మధ్య నేను.

రాఘవ గారి పేరు చెప్పారు కాబట్టి ఇంకో సంగతి. ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టినాయన ఆయన. ఆయన ప్రోత్సాహంతోనే కొమ్మూరి పద్మావతీదేవి గారు స్టేజి ఎక్కారు. ఆ రోజుల్లో మన గొప్ప సత్యభామ, మన గొప్ప చింతామణి ఎవరు? స్థానం నరసింహారావు గారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు, అర్హుడే. కానీ ప్లీడర్ల ఇళ్ల ఆడవాళ్లు హాల్లో కూడా చాటుగా కూర్చున్న రోజులవి. అప్పటికే సురభిలో తల్లీ కూతురూ కోడలూ వేషం కట్టి స్టేజి మీద ఉన్నారు. మీరు వద్దంటున్నది ఆ సురభినే.

పాతరంగు
అమ్మా, నిన్ను ఎవరైనా ఒక్క మాట అన్నారా? కవరు ఎప్పుడూ పళ్లెంలో పెట్టి, తాంబూలంతో ఇచ్చాం. ఇంటి ఆడపడుచులా చూశాం.

తెనాలిపిల్లోడు
చూశారా! నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే...

గ్రీన్‌రూమ్
నువ్వు కూర్చో తమ్ముడూ. మీ సమాజంలో ముప్పైమంది సభ్యులున్నారు. ఆడవాళ్లెంతమంది?

తెనాలిపిల్లోడు
ఒకరు. మా ఆవిడ. మీటింగులకి రాదు.

గ్రీన్‌రూమ్
అన్నయ్యా, తాంబూలం గురించి కాదు. 2011లో నేను మెంబర్‌షిప్ ఫారం అడిగాను. “నీకెందుకమ్మా, చందా దండగ, ఎలాగూ పిలుస్తాం కదా” అన్నారు. నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వాను. నాటకం ఏది ఆడాలో తేల్చే మీటింగులో నాకు కుర్చీ లేదు. అందుకే పద్నాలుగేళ్లుగా తల్లి వేషమే వస్తోంది. డబ్బు వద్దని నేను చెప్పలేను, విల్లివాక్కం నుంచి రిహార్సల్‌కి ఆటో ఖర్చే బోలెడు. రాత్రి పదింటికి బస్సులో వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. మీ సభ్యులకైతే బండి ఉంది, ఇంటికెళ్తే వడ్డించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పైసా అక్కర్లేదు, నిజమే.

సెకండ్‌బెల్
🙏

రెండోగంట
అక్కా, నోడా గురించి చదివినప్పుడు ఒకటి నాకు వింతగా అనిపించింది, ఇక్కడ రాయలేదు. అక్కడ ఆడేవాళ్లే ఎదురు చందా కట్టి ఆడతారు. సంగీతం నడిపేవాడికి, కొన్నిచోట్ల డైరెక్టరుకి డబ్బిస్తారు, దాచకుండా లెక్కలో రాస్తారు. అయినా ఆ సమాజం ఔత్సాహికమే. అంటే వాళ్లు చూసేది ఎవరు డబ్బు తీసుకున్నారని కాదు, సమాజం ఎవరి చేతిలో ఉందని. తెనాలా మద్రాసా అని ఇంత కొట్టుకున్నాం కానీ, నేనూ ఈ సంగతి మన కమిటీలో అడగలేదు. ఆ జమాఖర్చుల కాగితం టైపు చేసింది నేనే.

పాతరంగు
చదివాను. రెండుసార్లు.

ఆ రాత్రి గురక పెట్టినాయన మీద ఇన్నేళ్లు కోపం పెట్టుకున్నాను. సరే, అది వేరే సంగతి.

కరపత్రంలో 1891 మాత్రం ఉండాల్సిందే. అందులో రాజీ లేదు. దాని కింద 1929 వేసుకో. తెనాలి పేరు, గోవిందరావు గారి పేరు రెండూ వెయ్యి, ఆయన సురభి మనిషని కూడా రాయి. “ఔత్సాహిక” తీసేసి “నాటక సమాజాలు” అను చాలు.

తెనాలిపిల్లోడు
తేదీ వరసలో వేస్తే నాకు అభ్యంతరం లేదు. అక్షరాల సైజు ఒకటే ఉండాలి.

బెంగళూరు బుజ్జి
1909?

పాతరంగు
గ్రీన్‌రూమ్ అమ్మా, ఫారం ఆదివారం రిహార్సల్‌కి తెస్తాను. చందా ఏడాదికి మూడొందలు. సెక్రటరీ సంతకం కావాలి, చేయిస్తాను.

గ్రీన్‌రూమ్
తీసుకురండి. ఈసారి వేషం ఏమిటో కూడా అప్పుడే మాట్లాడుకుందాం. నా దగ్గర ఒక నాటిక రాసి ఉంది, అందులో తల్లి లేదు.