గుడ్డ డైపర్లు తక్కువ ఖర్చుతో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారా? (వరంగల్)

హన్మకొండ_కొత్తమ్మ
పాపకు నాలుగో నెల. తల్లిగారింట్లో ఉన్నన్ని రోజులు అమ్మ పాత నూలు చీరలు చింపి లంగోటీలు కట్టేది, డైపర్ మాటే లేదు. ఇక్కడికి వచ్చాక రోజుకు ఆరు అవుతున్నాయి. ఒక్కోటి పది రూపాయలు వేసుకున్నా నెలకు 1,800. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మాది. పైగా తొడ మడతల్లో ఎర్రగా పొక్కుతోంది. గుడ్డ డైపర్లు చూద్దామంటే ఇరవై నాలుగు కొనాలంటున్నారు, ఒక్కోటి మూడు నాలుగు వందలు. అంత ఒక్కసారి పెట్టలేను. మీరు ఎన్నింటితో మొదలుపెట్టారు? మాది మూడో అంతస్తు, బోరు నీళ్లు, మెషిన్ లేదు.

మట్టెవాడ_అక్క
చెల్లె, ఇరవై నాలుగు అసలు వద్దు. తడి పట్టేది లోపలి బట్ట. పైకవర్ పని ఆ తడి బయటికి రాకుండా ఆపడం, అంతే. పాప ఒంటేలు పోస్తే లోపలి గుడ్డ మార్చి, కవర్ లోపలి పక్క తుడిచి మళ్లీ అదే వేయొచ్చు. దొడ్డికి పోతేనే కవర్ ఉతకాలి. అందుకే నాకు మూడు కవర్లు సరిపోయాయి.

గుడ్డలకు బట్టల బజార్‌కు పోయి 44 అంగుళాల పన్నా మల్‌మల్ తెచ్చాను, మీటరు అరవై. పన్నెండు మీటర్లు, ముక్కకు మీటరు చొప్పున కోయించి అంచులకు పీకో చేయించాను. బట్ట 720, పీకో 120, కవర్లు మూడూ కలిపి 900. మొత్తం 1,740. నీ ఒక నెల డైపర్ల ఖర్చు కన్నా తక్కువే.

మడతపెట్టే గుడ్డలో ఇంకో లాభం ఉంది. విప్పి దండెం మీద వేస్తే ఒకే పొర, ఎండాకాలం గంటలో ఎండుతుంది. నాలుగు పొరలు కలిపి కుట్టిన ప్యాడ్లు సాయంత్రం దాకా లోపల తడిగానే ఉంటాయి. నేను అవి కూడా రెండు కొన్నాను, ముసురు పట్టిన రోజుల్లో వాటితో చాలా ఇబ్బంది పడ్డాను.

జగిత్యాల_అమ్మమ్మ
మల్‌మల్ కూడా కొనాల్సిన పని లేదు బిడ్డా. ఇంట్లో పాత పంచెలు, మెత్తబడ్డ నూలు చీరలు ఉంటే అవే చాలు. చీర నూలుదేనా అన్నది మాత్రం చూసుకో. ఒక మూల మీద నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకిపోవాలి. పాలిస్టర్ కలిసినది నీళ్లు పీల్చదు. కొత్త బట్ట అయితే గంజి పోయేదాకా ఐదారుసార్లు ఉతికి ఎండేస్తేనే బాగా పీలుస్తుంది. మొదటిరోజే కారిందని పక్కన పడేయొద్దు.

కాజీపేట_నాన్న
అక్కా, బోరు నీళ్లు అన్నారు కాబట్టి నేను చేసిన పొరపాటు చెప్తాను. మా ఇంట్లో గుడ్డలు ఉతికేది నేనే. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఎన్ని గుడ్డలు పెట్టినా కారడమే. ఒకరోజు ఎండిన ప్యాడ్ మీద నీటిబొట్టు వేసి చూస్తే తామరాకు మీద నిలిచినట్టు నిలిచింది, లోపలికి దిగలేదు. కారణాలు రెండు. బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాక తెల్లటి పొరలా బట్టకే పట్టుకుంటోంది. రెండోది, మేము మడతల్లో రాసే కొబ్బరినూనె. సబ్బు మానేసి సర్ఫు పొడి వాడటం, చివర రెండు బకెట్ల నల్లా నీళ్లతో జాడించడం మొదలుపెట్టాక మళ్లీ పీల్చుతున్నాయి. నూనె రాసిన రోజు పైన ఒక పాత పలుచని గుడ్డ వేస్తున్నాం. మెత్తదనం కోసం కలిపే కండీషనర్ అసలు వాడొద్దు.

ఇంకోటి, రాత్రి తడిసిన గుడ్డలు మూత పెట్టిన బకెట్‌లో పడుంటే పొద్దున కళ్లు మండే వాసన వస్తుంది. నేను లేవగానే ముందు అవి జాడించాకే చాయ్ తాగుతాను. కవర్లను మాత్రం మరిగే నీళ్లలో వేయకండి, లోపలి పొర విడిపోతుంది.

హన్మకొండ_కొత్తమ్మ
చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు. రాత్రి ఎలా? ఇంకా, కాళ్ల మధ్య అంత గుడ్డ ఉంటే పిల్లకు దొడ్డికాళ్లు, అంటే వంకర కాళ్లు వస్తాయని అత్తమ్మ భయపడుతున్నారు.

పరకాల_నర్సు
కాళ్ల గురించి టెన్షన్ వద్దమ్మా. పసిపిల్లలు పడుకున్నప్పుడు కాళ్లు ఎలాగూ ఎడంగానే పెట్టుకుంటారు, అది తుంటికి మంచిదే. లాగి చాచి గట్టిగా చుట్టడమే మంచిది కాదు. అత్తమ్మను ఒకసారి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి వాళ్ల నోటితోనే వినిపించండి. మాట పట్టింపు రాకుండా ఉంటుంది.

ఎరుపు తగ్గాలంటే గుడ్డ కన్నా ముఖ్యం, రెండు మూడు గంటలకోసారి మార్చడం, రోజులో కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయడం. మడతల్లో చిన్న పొక్కులు పాకుతూ ఉంటే ఇంటి వైద్యం చేయకండి, చూపించండి. రాత్రికి ఒక బజారు డైపర్ వాడితే తప్పేం లేదు. తల్లి నిద్ర కూడా లెక్కలోకి రావాలి.

మట్టెవాడ_అక్క
రాత్రికి నేను రెండు గుడ్డలు కలిపి మడతపెట్టేదాన్ని. కవర్ రబ్బరు తొడ మీద కాకుండా గజ్జ మడతలో కూర్చోవాలి, సగం కారడం అక్కడే ఆగుతుంది.

హన్మకొండ_కొత్తమ్మ (మూడు వారాల తర్వాత)
అందరికీ చెప్పాలనిపించి మళ్లీ వచ్చాను. రెండు కవర్లే కొన్నాను, గుడ్డలకు అమ్మ పంపిన చీరలు. మొదటి వారం చాలా కష్టమైంది, రోజుకు నాలుగుసార్లు పరుపు తడిసింది, ఒకరోజు ఏడ్చాను కూడా. రబ్బరు మడతలోకి జరిపాక తగ్గింది. రాత్రికి మాత్రం బజారుదే, అంటే రోజుకు ఒకటి. ఎరుపు పోయింది. నిన్న నాకు జ్వరమొస్తే అత్తమ్మే గుడ్డలు జాడించి దాబా మీద ఆరేసి వచ్చారు. మూడో కవర్ వచ్చే నెల జీతం రాగానే తీసుకుంటాను.